మంగళవారం పుట్టిన పాపకు ఘనా దేశపు పేరు: కుల ధ్రువపత్రానికి అడ్డమా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మేము హిందువులం, షెడ్యూల్డు కులానికి చెందినవాళ్లం. పది నెలల క్రితం మంగళవారం నాడు పాప పుట్టింది. అప్పట్లో పేరు లేకుండానే జననం నమోదు చేయించాం. నాతో పనిచేసిన ఘనా దేశపు మిత్రుని మీద అభిమానంతో ‘అబెనా’ అని పెట్టాలనుకుంటున్నాం. అది మన పేరు కాదని నమోదు కార్యాలయంలో రాయనన్నారు. మతం మారారనుకుని రేపు కుల ధ్రువపత్రం ఇవ్వరేమోనని మా నాన్నగారి భయం. ఏం చేయాలి?

జవాబు: మీరు ఆ పేరు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం బిడ్డకు ఫలానా భాష పేరో, ఫలానా మతం పేరో ఉండాలని ఎక్కడా చెప్పలేదు. పేరు వ్యక్తి గుర్తింపులో భాగమని, అది భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని సీబీఎస్ఈ ధ్రువపత్రాల్లో పేర్ల మార్పుపై 2021లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేరు లేకుండా నమోదైన జననానికి, నమోదైన తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు తల్లిదండ్రులు తెలియజేస్తే రుసుము లేకుండానే పేరు చేరుస్తారు. ఆ గడువు దాటితే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకూ అవకాశం ఉంటుంది. మీకు ఇంకా సమయం ఉంది కాబట్టి దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నిరాకరిస్తే కారణం రాసివ్వమనండి. 2023 సవరణతో చేరిన 25ఎ సెక్షన్ ప్రకారం ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఇక మీ నాన్నగారి భయం. అది తీసిపారేయదగినది కాదు, ఎందుకంటే 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలలో ఉన్నవారికే ఆ హోదా వర్తిస్తుంది. అయితే మతం మారడమంటే నిజమైన ఉద్దేశమూ, దానికి తగిన నడవడికా ఉండాలని, వట్టి ప్రకటన చాలదని సుప్రీంకోర్టు 1970లోనే చెప్పింది. ప్రకటనే చాలనప్పుడు పేరు ఎలా చాలుతుంది? కసుమూరులోని మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని బిడ్డలకు మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకున్న హిందూ కుటుంబాలు మన జిల్లాలో ఎన్ని లేవు! పైగా అబెనా ఏ మతానికీ గుర్తు కాదు. ఘనాలోని అకాన్ ప్రజలు మంగళవారం పుట్టిన ఆడబిడ్డకు పెట్టుకునే పేరు అది. మగబిడ్డ అయితే క్వాబెనా అంటారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరులోని కోఫీ కూడా అలా శుక్రవారాన్ని బట్టి వచ్చినదే. వారానికి ముడిపడిన సంప్రదాయం కనుక, ఆసుపత్రి కాగితాల్లో పుట్టిన తేదీ మంగళవారమే పడుతున్నదో లేదో ఒకసారి చూసుకోండి. అది ఆ ప్రజల పట్ల మనం చూపవలసిన కనీస గౌరవం. కుల ధ్రువపత్రం విచారణలో తల్లిదండ్రుల కులపత్రాలు, పాఠశాల రికార్డులు, కుటుంబం నిజంగా పాటిస్తున్న మతం ముఖ్యమవుతాయి. మీవి భద్రంగా ఉంచుకోండి.

నన్ను కలవరపెట్టేది అక్షరాల సంగతి. ఒకచోట అబెనా, మరోచోట అబీనా అని పడితే, ఇంగ్లీషులో ఒక కాగితంలో ‘ఈ’, ఇంకో కాగితంలో రెండు ‘ఈ’లు వస్తే, పాస్‌పోర్టు నాటికి మీ బిడ్డ కార్యాలయాల చుట్టూ తిరగాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరిక మొదలు పాస్‌పోర్టు, ఓటరు జాబితా వరకూ జనన ధ్రువపత్రమే ఆధారం. నమోదులో జరిగిన పొరపాటును నమోదు చట్టం 15వ సెక్షన్ కింద సరిదిద్దవచ్చుగానీ, మనసు మార్చుకుని కొత్త పేరు కోరితే ఆ సెక్షన్ పనికిరాదు. అందుచేత ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాసి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే వరుసలో పెద్ద అక్షరాలతో దరఖాస్తులో నింపండి. ధ్రువపత్రం చేతికి వచ్చాక అక్షరం అక్షరం సరిచూసుకుని, ఆ తర్వాతే ఆధార్‌కు వెళ్లండి.