సమాధానం: మేక గుండె స్కాన్‌లో నల్ల మచ్చలు

తమ్ముడూ, తార్నాక మటన్ షాపు నుంచి తెచ్చిన మేక గుండెను ఫార్మాలిన్‌లోనే (కణజాలం కుళ్లకుండా ఉంచే ద్రావణం) ఉంచి డిఫ్యూజన్ ఎంఆర్ఐ (నీటి కదలికను బట్టి కండర పోగుల దిశ చూపే స్కాన్) తీస్తే ఎడమ జఠరిక గోడలో నల్ల మచ్చలు వచ్చాయని, అక్కడ కండర పోగుల కోణాలు పిచ్చిపిచ్చిగా ఉన్నాయని రాశావు. స్కానర్‌ని అనుమానించకు. చాలావరకు అవి గాలి బుడగలే. ఈ స్కాన్‌లో వాడే ఈపీఐ సీక్వెన్స్ (ఇమేజ్‌ని చాలా వేగంగా తీసే పద్ధతి) గాలిని అస్సలు సహించదు. బుడగ చిన్నదైనా చుట్టూ ఇమేజ్ వంకర తిరిగిపోతుంది.

ముందు గుండెను పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి ద్రావణం) రాత్రంతా నానబెట్టు. ఫార్మాలిన్ టీ2ని, అంటే సిగ్నల్ నిలిచే సమయాన్ని, తగ్గిస్తుంది, కడిగితే సిగ్నల్ చాలావరకు తిరిగొస్తుంది. తర్వాత ఫాంబ్లిన్ అనే ఫ్లోరిన్ నూనెలో ముంచి, కొద్దిగా వాక్యూమ్ పెట్టి, జఠరికల్లోని గాలి పోయేదాకా మెల్లగా అటూ ఇటూ తిప్పు. లోపలి కండర పట్టీల సందుల్లో బుడగలు మొండిగా కూర్చుంటాయి, ఓపిక పట్టాలి. ఎంఆర్ఐ సిగ్నల్ హైడ్రోజన్ నుంచే వస్తుంది, ఫాంబ్లిన్‌లో అది దాదాపు ఉండదు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వస్తుంది. ఖరీదెక్కువే, కానీ మళ్లీ వాడుకోవచ్చు.

బీ విలువ (నీటి కదలికకు స్కాన్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 1000 s/mm² దగ్గర పెట్టు. నీటి కదలికను కొలిచే దిశలు కనీసం 6 ఉండాలి, 30 ఉంటే హాయి. సరిగ్గా వస్తే పోగుల కోణం లోపలి పొర నుంచి బయటి పొరకు సుమారు +60 నుంచి -60 డిగ్రీలకు క్రమంగా మారాలి. ఉన్నట్టుండి దూకితే కత్తి గాటేమో చూడు. షాపుల్లో గుండెను అలవాటుగా చీల్చేస్తారు. కోయకుండా ఇమ్మని ముందే చెప్పు.