వాటర్ కూలింగ్ కిట్టు కొనబోయే అల్లుడికి

పాలకొల్లు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పెళ్ళి వీడియోల ఎడిటింగ్ కోసం కొత్త కంప్యూటర్ కట్టించుకుంటున్నావనీ, దానికి ఏ వాటర్ కూలింగ్ కిట్టు తీసుకోవాలో చెప్పమనీ అడిగావు. చాలా ఏళ్ళుగా కంప్యూటర్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి కనుక నాకు అనుభవంలో తెలిసినది వివరంగా రాస్తున్నాను. డబ్బు కట్టేముందు పూర్తిగా చదువు.

కిట్టులోని పంపు తిప్పే నీళ్ళు ప్రాసెసర్ వేడిని రాగి పలక మీదుగా అందుకుని, గొట్టాల గుండా సన్నటి లోహపు రెక్కలున్న రేడియేటరుకు మోసుకుపోతాయి. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గది గాలిలోకి తోసేస్తాయి. కాబట్టి గదిలో గాలి ఎంత వేడిగా ఉందో అంతకన్నా ఆ నీళ్ళు చల్లబడవు. మే నెల సాయంత్రం నీ మేడగది 38 డిగ్రీల దగ్గర ఉంటే, ఎక్కడో 21 డిగ్రీల ఏసీ గదిలో కొలిచి చూపించిన ప్రాసెసర్ వేడి అంకెలకు మరో పదిహేడు డిగ్రీలు కలుపుకుని చదవాలి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కదా, గొట్టాలు ఐసునీళ్ళ గ్లాసులాగా చెమర్చి బోర్డు మీద కారతాయేమోనని కొందరు భయపడతారు. నీళ్ళు గది వేడి కన్నా కిందికి దిగవు కనుక ఆ భయం అక్కరలేదు.

తరువాత చూడవలసినది ప్రాసెసర్ వాడుకునే కరెంటు. 65 వాట్ల తరగతి ప్రాసెసర్ అయితే నీళ్ళు లేకుండా ఫ్యానుతోనే చల్లబరిచే మంచి గాలి కూలరే చాలు. మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టు. ఇంటెల్ కోర్ ఐ9 14900కె వంటిదైతే 125 వాట్లన్న మొదటి అంకె చూసి నిర్ణయించుకోవద్దు. పూర్తి వేగంలో అది 253 వాట్ల వరకూ వెళుతుంది, వీడియో ఎగుమతి చేసేటప్పుడు నీకు అక్కరకొచ్చేది ఆ రెండో అంకె.

రేడియేటర్లలో 240 మిల్లీమీటర్లదాని ముఖం 288 చదరపు సెంటీమీటర్లు, 280దానిది 392, 360దానిది 432. పేరులో 40 మాత్రమే తేడా కనిపించినా, 280దానికి 240దానికన్నా మూడోవంతు పైగా ఎక్కువ ముఖం ఉంటుంది. మన వేసవికి నేనైతే 280 కన్నా తక్కువది తీసుకోను. అయితే కేబినెట్లో చోటుండాలి: మామూలు రేడియేటర్ మందం 27, ఫ్యాన్ మందం 25, వెరసి 52 మిల్లీమీటర్లు పై మూత కింద ఖాళీ కావాలి, ర్యామ్ పట్టీలకు తగలకూడదు. నీ మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు సరిపడే బిగింపు పెట్టెలో ఉందో లేదో కూడా అడుగు.

బిగించే తీరును మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఇంజనుకు గాలి పడితే నీళ్ళెత్తదని చేనుగట్టు మీద పెరిగిన నీకు వేరే చెప్పనక్కరలేదు, ఇక్కడా అంతే. ఫ్యాక్టరీలోనే నింపి మూసిన కిట్టులో కూడా మొదటినుంచీ కొద్దిగా గాలి ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల గుండా నీరు ఆవిరై ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కనుక ఆ పై చోటు రేడియేటర్ కావాలి, పంపు కాకూడదు. నేను ఒకసారి పైన చోటు లేదని రేడియేటర్‌ను కేబినెట్ అడుగున బిగించాను. కొన్ని నెలలకు రాత్రిపూట సీసాలో నీళ్ళు కదిలినట్టు గుడగుడమని చప్పుడు మొదలైంది. ఏమీ బరువైన పని లేకపోయినా ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలు దాటింది. విప్పి రేడియేటర్‌ను పైకి మార్చిన పది నిమిషాల్లో చప్పుడు ఆగింది, కానీ అన్ని నెలలు గాలి మింగిన పంపు ఆ తరువాత ఏడాది కూడా నిలవలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

పంపు వైరును మదర్‌బోర్డు మీద పంపుకని రాసి ఉన్న పిన్నులకే తగిలించి, ఎప్పుడూ పూర్తి వేగంలో తిరిగేలా అమర్చు. వేగం తగ్గించవలసినవి ఫ్యాన్లు మాత్రమే.

విడిభాగాలు కొని, గొట్టాలు కోసి, నీళ్ళు నువ్వే పోసుకునే రకం కిట్టు మొదటిసారికి వద్దు. అందులో రాగి పలకకు చవకరకం అల్యూమినియం రేడియేటర్ జతచేస్తే, రెండు లోహాలూ ఒకే నీటిలో ఉండి అల్యూమినియం చివికిపోతుంది. మూసిన కిట్లలోనూ ఆ రెండు లోహాలే ఉంటాయి గానీ, తుప్పు ఆపే మందు కలిపిన ద్రవాన్ని ఫ్యాక్టరీలోనే నింపి మూస్తారు. ఎప్పుడైనా నువ్వే నింపవలసివస్తే కాలువ నీళ్ళే కాదు, ఆర్వో నీళ్ళు కూడా పోయకు. వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి.

నువ్వుండేది నరసాపురం దాటి సముద్రం వైపు కనుక ఇంకొక్క మాట. ఆ వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక రేడియేటర్ రెక్కలను వేలితో తాకితే సున్నంలాంటి తెల్లటి పొడి రాలింది. అది ఉప్పుగాలికి అల్యూమినియం చివికిపోవడం. నీ కంప్యూటర్‌ను సముద్రపు గాలి నేరుగా తగిలే కిటికీ పక్కన పెట్టకు. రెండు నెలలకొకసారి మెత్తటి బ్రష్షుతో రెక్కల మధ్య దుమ్ము తియ్యి. వారంటీ ఐదేళ్ళకు తగ్గకుండా ఉన్నదే ఎంచుకో, లీకైతే పాడైన బోర్డుకు కూడా నష్టం కడతారో లేదో కాగితం మీద చూపించమను.

ప్రాసెసర్ పేరూ, కేబినెట్ పై మూత లోపలి కొలతలూ టేపుతో కొలిచి నాకు రాయి. సంక్రాంతికి అక్కడికే వస్తున్నాను కనుక ప్రాసెసర్‌కూ రాగి పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు నేనే తెస్తాను, ఇద్దరం కూర్చుని బిగిద్దాం.

ఇట్లు,
మీ మామయ్య