సింగపూర్ క్రూజ్: టీనేజ్ పిల్లలతో సూటా, రెండు గదులా?

అన్నా, కరీంనగర్ నుంచి మీరు అడిగింది చదివిన. పదహారేళ్ల బాబు, పదమూడేళ్ల పాప, మీరు, వదిన. ఎండాకాలం సెలవుల్లో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్. ఏజెంటేమో జూనియర్ సూట్ తీసుకుంటే నలుగురూ ఒకే దాంట్లో హాయిగా ఉంటారని వెంట పడుతున్నాడు. మేం హన్మకొండ వాళ్లం. ఇంచుమించు ఇదే వయసు పిల్లలతో అటే పోయి వచ్చినం. నన్నడిగితే జూనియర్ సూట్ వద్దు. నడుమ తలుపు ఉన్న రెండు బాల్కనీ గదులు తీసుకోండి. ఇంకా పెట్టగలిగితే రెండు బెడ్‌రూంలు, రెండు బాత్‌రూంలు ఉన్న అసలు ఫ్యామిలీ సూట్ తీసుకోండి. ఈ రెంటికీ మధ్యలో ఉన్నదానికి పైసలు పెట్టడం దండగ.

జూనియర్ సూట్, మినీ సూట్ అని అమ్మేది చాలా ఓడల్లో ఒకటే గది. మామూలు బాల్కనీ గది బాత్‌రూంతో కలిపి సుమారు 200 చదరపు అడుగులు ఉంటుంది. మన ఇళ్లల్లో పన్నెండు బై పదహారు బెడ్‌రూం అన్నట్టు. జూనియర్ సూట్ దానికంటే కొంత పెద్దది, అంతే. మంచం అటు, సోఫా ఇటు, నడుమ ఉంటే ఒక కర్టెన్. రాత్రయితే సోఫాను పరుపు చేస్తారు, నాలుగో మనిషికి పైకప్పులోంచి బెర్త్ దించుతారు. అది దించినంక నడవడానికి కూడా జాగా ఉండదు. చిన్న పిల్లలైతే ఆ బెర్త్ కోసం కొట్లాడుకుంటారు, వాళ్లకదో సంబరం. పదమూడేళ్ల ఆడపిల్లకు బట్టలు మార్చుకునే చోటు కావాలి. పదహారేళ్ల పోరడు రాత్రి ఒంటిగంటకు తలుపు తీసుకొని వచ్చి, ఫోన్ లైటు వేసుకొని, ఛార్జర్ వెతుక్కుంటాడు. ఇద్దరినీ, వాళ్ల నాన్న గురకనూ ఒకే గదిలో పెట్టి నాలుగు రాత్రులు గడపాలంటే ఎవరికో ఒకరికి ఓపిక పోతుంది. మా ఇంట్లోనైతే నాకే పోయేది.

అసలు లొల్లి మాత్రం బాత్‌రూం దగ్గరే. పెనాంగో, ఫుకెట్టో ఓడ ఆగే రోజు పొద్దున అందరూ ఒకే టైముకు తయారు కావాలి. మా పిల్ల ఒక్కతి లోపలికి పోతే ముప్పావుగంట. అందుకే గది ఎంత పెద్దదని కాకుండా బాత్‌రూంలు ఎన్ని, మూసుకునే తలుపులు ఎన్ని అని ఏజెంటును అడగండి. సోఫా రంగు, బాల్కనీలో కుర్చీలు తర్వాత చూసుకోవచ్చు.

మేం తీసుకున్నవి కనెక్టింగ్ గదులు, అంటే నడుమ తలుపు ఉన్నవే. కాగితం మీద ఆయన, బాబు ఒక గది. నేను, పాప ఇంకో గది. ఇట్లా ఎందుకంటే చాలా కంపెనీలు పిల్లలను ఒంటరిగా ఒక గదిలో రాయవు, ప్రతి గదిలో ఒక పెద్ద మనిషి పేరు ఉండాలంటాయి. పక్కపక్క గదులో, ఎదురెదురు గదులో అయితే కొన్ని కంపెనీలు సడలిస్తాయి. వయసు లెక్క ఓడను బట్టి, అది బయలుదేరే ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఏజెంటు నోటిమాట నమ్మకుండా మెయిల్‌లో రాయించుకోండి. ఓడ ఎక్కినంక ఎవరు ఏ మంచం మీద పడుకుంటున్నరో ఎవరూ చూడరు. పగలంతా నడుమ తలుపు తీసే ఉంచినం, రాత్రి వేసినం. పక్కపక్క బాల్కనీల మధ్య ఉండే అడ్డు పలకను కూడా కొన్ని ఓడల్లో గది చూసే స్టీవార్డును అడిగితే తీస్తారు. తీస్తే రెండు బాల్కనీలు కలిసి మంచి వరండా అవుతుంది.

ఇంకా తక్కువలో కావాలంటే మీకు బాల్కనీ గది, ఎదురుగా పిల్లలకు కిటికీ లేని లోపలి గది. పొద్దున పది దాకా లేవని పోరగాళ్లకు ఆ చీకటి గది మస్తు నచ్చుతుంది, నిజంగా. వదిన ఒప్పుకుంటుందా లేదా అన్నది మీరే చూసుకోవాలి.

ధర పోల్చేటప్పుడు జర జాగ్రత్త. ఏజెంట్లు తలకు ఇంత అని చెప్తారు, అది ఇద్దరు ఉండే గది లెక్క. ఒక గదిలో మొదటి ఇద్దరికి పూర్తి టికెట్, మూడో, నాలుగో మనిషికి సాధారణంగా తక్కువ. రెండు గదులు తీసుకుంటే నలుగురూ మొదటి ఇద్దరి కిందికే వస్తారు కాబట్టి ఆ తగ్గింపు పోతుంది. అందుకే జూనియర్ సూట్ చవకగా కనబడొచ్చు. కానీ టిప్పుల లెక్క కలిపి చూడండి. గ్రాట్యుటీ అని తలకు, రోజుకు ఇంత అని వేస్తారు, పిల్లలకు కూడా. కొన్ని కంపెనీలు సూట్ వాళ్లకు ఆ రేటు ఎక్కువ వేస్తాయి, జూనియర్ సూట్‌కు ఎంతో అడగండి. పోర్టు పన్ను, టిప్పులు, ప్యాకేజీ మీద ముందే కోసే టీసీఎస్ పన్ను అన్నీ కలిపి నలుగురికి మొత్తం ఎంత అని రెండు రకాలుగా రాయించుకుంటే అప్పుడు తేలుతుంది. టీసీఎస్ మాత్రం ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది.

సూట్ వాళ్లకు ఇచ్చే మర్యాదలు, అంటే ముందుగా ఎక్కించడం, వేరే లాంజ్, వేరే రెస్టారెంట్, పెద్ద సూట్లకే ఎక్కువ. జూనియర్ సూట్‌కు వచ్చేసరికి సగం ఉండవు. ఉన్నా టీనేజ్ పిల్లలకు అవి పట్టవు. వాళ్లు ఆ వయసు వాళ్ల కోసం పెట్టిన టీన్ క్లబ్‌లోనో, స్విమ్మింగ్ పూల్ దగ్గరో, పిజ్జా దగ్గరో ఉంటారు. గదికి పడుకోవడానికి, స్నానానికి వస్తారు. అమ్మమ్మనో నానమ్మనో వెంట తీసుకుపోతే మాత్రం నా మాట మారుతుంది. వాళ్లు పగలు గదిలోనే ఎక్కువసేపు ఉంటారు కాబట్టి హాలు ఉన్న రెండు బెడ్‌రూంల సూట్‌కు పెట్టిన ప్రతి రూపాయి దక్కుతుంది.

బుకింగ్‌లో "గ్యారంటీ" అని ఉంటే ఒప్పుకోకండి. గది రకానికే వాళ్లు గ్యారంటీ ఇస్తారు, నంబరు చివర్లో వాళ్ల ఇష్టం వచ్చినట్టు వేస్తారు. మీకొక గది ఏడో డెక్కు, అంటే ఏడో అంతస్తు, పిల్లలకు పదకొండో డెక్కు రావొచ్చు. మాకు తెలిసినవాళ్లకు అట్లనే అయింది, అడిగితే ఏజెంటు ఫోనే ఎత్తలేదట. డెక్ ప్లాన్ తెప్పించుకొని, కనెక్టింగ్ గుర్తు ఉన్న నంబర్లు మీరే చూసి చెప్పండి. పైన పూల్ డెక్కో, కింద డాన్స్ క్లబ్బో లేకుండా, పైనా కిందా గదులే ఉన్న చోటు మంచిది. కడుపులో తిప్పే అలవాటు ఉంటే ఓడ నడిమి భాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. ఒకటి గుర్తుంచుకోండి: కనెక్టింగ్ తలుపులోంచి మాటలు బాగా వినపడతాయి. రెండు వైపులా మనవాళ్లే ఉంటేనే అది లాభం.

నలుగురు పట్టే గదులు చాలా ఓడల్లో తక్కువే. దానికితోడు లైఫ్‌బోట్ల లెక్క ఉంటుంది, ఒక వైపు బోట్లకు సరిపడా మనుషులు నిండితే గదిలో మంచం ఉన్నా మూడో, నాలుగో మనిషిని అమ్మరు. ఎండాకాలం సెలవులకు పోవాలంటే దసరా, దీపావళి నాటికే బుక్ చేసుకోండి.

ఓడలో కొనుగోళ్లన్నీ గది కార్డుతోనే జరుగుతాయి, పిల్లలకు కూడా ఆ కార్డు ఉంటుంది. రిసెప్షన్‌లో చెప్పి వాళ్ల కార్డుల మీద ఖర్చు బంద్ చేయించండి, లేకుంటే గేమ్ సెంటర్ బిల్లు చివరి రోజు చూస్తారు. వైఫై చాలావరకు ఒక్కో ఫోనుకు వేరే, నలుగురికీ కొనకండి. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు సాధారణంగా ఎక్కనివ్వరు, నిప్పు భయం. ఇంట్లో చేసిన సకినాలు కూడా అనుమానమే, షాపులో సీలు చేసిన ప్యాకెట్లయితే పర్వాలేదు. గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు కొనుక్కుపోతే తడి బట్టలకు పనికొస్తాయి.

ఇక కాగితాలు. మైనర్ల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకే ఇస్తారు, తేదీ ఇప్పుడే చూడండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. తక్కువుంటే మీ కరీంనగర్‌లోనే సేవా కేంద్రం ఉంది, హైదరాబాద్ పోవాల్సిన పనిలేదు. ఓడ సింగపూర్ వదిలి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా చూసుకోండి. మధ్యలో ఓడ ఆగే దేశాల నియమాలు బయలుదేరే నెలలో మళ్లీ చూడండి, అవి మారుతుంటాయి. శంషాబాద్ నుంచి ఓడ రోజే దిగేటట్టు విమానం పెట్టుకోకండి. ఒక రోజు ముందు పోండి, విమానం లేటయితే ఓడ మన కోసం ఆగదు.

ఏజెంటు రెండు రకాల లెక్కలు ఇచ్చినంక ఓడ పేరు, గది నంబర్లు ఇక్కడే రాయండి. డెక్ ప్లాన్ చూసి చెప్తా.