సి షిఫ్ట్ దిగాక ఏం తీయాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పరవాడలో ఓ మందుల కంపెనీలో షిఫ్టుల మీద పని చేస్తున్నాను. వాయిదాల మీద కెమెరా కొన్నాను. ఉద్యోగం మానేసి పెళ్లిళ్ల ఫొటోగ్రఫీలోకి దిగుదామని ఉంది. నాన్న ఒప్పుకోవడం లేదు. మీరు ఉద్యోగం చేస్తూనే ఇన్నేళ్లు ఫొటోలు ఎలా తీశారు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మా అబ్బాయి కన్నా చిన్నవాడివి, నువ్వనే అంటాను. ఏమీ అనుకోకు.

నేను 32 ఏళ్లు పోర్టులో గుమాస్తాగా చేశాను. కళ్లెదురుగా ఓడలు, క్రేన్లు, ఇనుప ఖనిజం గుట్టలు. ఒక్కటీ తీయడానికి వీల్లేదు, గేటు లోపల కెమెరా నిషేధం. అందుకని బయట ఫిషింగ్ హార్బర్ పట్టుకున్నాను. డ్యూటీకి ముందు గంటన్నర. బోట్ల నుంచి వంజరాలు, చందువలు బుట్టల్లోకి దిగి, వేలం పాట అందుకునే వేళ.

మొదటి ఏడాది తీసినవన్నీ వీపులే. ఎవరి మొహం మీదా కెమెరా పెట్టే ధైర్యం లేదు. ఒకరోజు చేపలమ్మే ఆవిడ నా స్కూటర్‌కి అడ్డంగా నిలబడింది. "ఏటి బాబూ, రోజూ తీసుకుపోడమేనా? మాకొకటి ఇయ్యవేటి?" ఆ ఆదివారమే ఆవిడ ప్రింటు వేసి పట్టుకెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కుపుడక కనబళ్లేదు" అని వెనక్కిచ్చేసింది. పుడక ఉన్న వైపు నుంచి మళ్లీ తీశాను. నా ఫొటోల్లోకి మొహాలు రావడం అప్పుడు మొదలైంది.

ఫిల్ము కడగడం మా ఇంటి బాత్రూంలోనే. నలుపు తెలుపు రీలుకి డెవలపర్, అంటే ఫిల్ము కడిగే మందు, 20 డిగ్రీల్లో ఉండాలి. మే నెలలో మన విశాఖ కుళాయి నీళ్ల సంగతి చెప్పాలా? హార్బర్లో చేపలకు వేసే ఐసు గడ్డ ఒకటి సంచిలో తెచ్చి, డెవలపర్ గిన్నె చుట్టూ పేర్చేవాణ్ని. బాత్రూమంతా నీచు వాసన. మా ఆవిడ ఆ రోజుల్లో నాతో మాట్లాడేది కాదు.

ఇక పెళ్లిళ్లు. ఒక్కటే తీశాను, మా పెద్దమ్మ కూతురిది. జీలకర్ర బెల్లం దాకా ఒక రీలు నొక్కుకుంటూ పోయాను. రీలుకి 36 బొమ్మలే, కౌంటర్ చూస్తే 38, 39 చూపిస్తోంది. ఒళ్లు చల్లబడింది. ఫిల్ము కొస లోపలి రీలుకి పట్టనే లేదు. ఫిల్ము ముందుకు జరిపినప్పుడల్లా ఎడమ వైపు రివైండ్ పిడి తిరగాలి, అది తిరుగుతోందో లేదో చూసుకోలేదు. ఒక్క బొమ్మా పడలేదు. అక్క ఇప్పటికీ ఆల్బమ్ మాట వస్తే నావైపు చూస్తుంది. నీ డిజిటల్‌లో ఈ తిప్పలుండవులే. కానీ పెళ్లి పందిట్లో నీకు ఒక ఆఫీసరు కాదు, రెండొందల మంది. రాత్రి ముహూర్తాలు, బాకీ వసూళ్లు, ఆల్బమ్ డిజైను... అదీ ఉద్యోగమే. చెయ్యాలనుంటే సెలవు రోజుల్లో ఇంకొకరి పక్కన అసిస్టెంటుగా పది పెళ్లిళ్లు నిలబడు. వాయిదాలు తీరేదాకా మాత్రం రాజీనామా రాయకు. ఈ విషయంలో నేను మీ నాన్నగారి పక్షం.

రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటావు, హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. అంతకుముందు ఆయన ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. 1874లో కెమెరా పట్టి, ఆ ఉద్యోగం చేసుకుంటూనే దాదాపు పదేళ్లు తీశాడు.

షిఫ్టు నీకు అడ్డం అనుకుంటున్నావు. బి షిఫ్ట్ వారమంతా పొద్దున్న నీదే కదా! నాకు గంటన్నరే దొరికేది. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, జూన్‌లో ఐదుంబావు దాటగానే, జనవరిలో ఆరున్నరకి. అంటే చలికాలంలో సి షిఫ్ట్, అదే రాత్రి డ్యూటీ, పొద్దున్న ఆరింటికి దిగినా వెలుగు నీకోసం ఆగే ఉంటుంది. మత్స్యకారుల ఊరు ముత్యాలమ్మపాలెం మీ కంపెనీకి దగ్గరే. ఆర్కే బీచ్ అందరూ తీస్తారు, దాన్ని వదిలెయ్. ముత్యాలమ్మపాలెం ఒక్కదానికే ఏడాదిపాటు వెళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. అప్పుడు ఇసుక మీద వలలు బాగుచేసుకోవడం, రంగులు వేసుకోవడం ఉంటాయి. మనుషులకీ మాట్లాడే తీరిక ఉంటుంది. నా మంచి బొమ్మలు సగం ఆ రెండు నెలల్లోవే. వెళ్లినప్పుడు ప్రింట్లు పట్టుకెళ్లడం మర్చిపోకు.

ప్రశ్న: షిప్‌యార్డులో పనిచేసిన మా నాన్నగారి పాత ఫిల్ము కెమెరా బీరువాలో దొరికింది. ఆయన పోయి ఆరేళ్లయింది. లెన్సులో సాలెగూడులా సన్నని గీతలున్నాయి. బాగవుతుందా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అది సాలెగూడు కాదు, బూజమ్మా, ఫంగస్ అంటారే అది. మన ఊరి సముద్రపు తేమకి తోలు కవరులో మూసిపెట్టిన లెన్సు దాన్నుంచి తప్పించుకోదు. నాదీ ఒకటి అలాగే పోయింది. మీరు విప్పకండి, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది, గాజు పూతని తినేస్తే మచ్చ మిగులుతుంది. తిరిగొచ్చాక ఆ తోలు కవరు వాడకండి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. వెనక మూత తెరవకుండా (వెలుగు తగిలితే ఫిల్ము పాడవుతుంది), ఎడమ వైపు పైన ఉన్న రివైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూడండి. వదులుగా తిరుగుతూనే ఉంటే చాలావరకు ఖాళీయే. బిగువుగా తగిలితే లోపల మీ నాన్నగారి రీలు ఉంది. ఆ మూత మాత్రం ఎవరినీ తెరవనివ్వకండి.