మూడు నెలలకు మళ్లీ అవే టెస్టులా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, మాది ఆదోని. మా చెల్లెలికి 28 ఏండ్లు, పోయినేడు ఐదో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఈమధ్య ఎడమకాలు వాచిపోతే కర్నూలుకు తీసుకపోయినాము, స్కాన్‌లో కాలి నరంలో రక్తం గడ్డ ఉందన్నారు, ఇప్పుడు రక్తం పలచబరిచే అసిట్రామ్ మాత్రలు వాడుతోంది. ఏపీటీటీ (రక్తం గడ్డ కట్టడానికి పట్టే టైము చూసే టెస్టు) ఎక్కువ, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్, యాంటీకార్డియోలిపిన్ ఐజీజీ 62 అని వచ్చినాయి. ఏపీటీటీ ఎక్కువంటే రక్తం లేటుగా గడ్డ కడతాదంటారే, మరి కాల్లో గడ్డ ఎట్లొచ్చింది? లూపస్ జబ్బు ఉన్నట్టేనా? మూడు నెలలకు మళ్లీ ఇవే టెస్టులంటే మా మరిది డబ్బులు దండగ అంటాడు.

జవాబు: దండగ కాదమ్మా, ఆ రెండో టెస్టు మీదనే మీ చెల్లెలు జీవితాంతం మాత్రలు వాడాలా వద్దా అనేది చాలావరకు ఆధారపడి ఉంటాది. జ్వరాలు, ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడు, కొన్ని మందులు వాడినప్పుడు కూడా లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్ అనే ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనపడి పోతాయి, అందుకే కనీసం 12 వారాల తేడాతో రెండుసార్లు పాజిటివ్ వస్తేనే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఈ యాంటీబాడీల వల్ల గడ్డలు కట్టే, గర్భం నిలవని జబ్బు) అని ఖాయం చేయాలని 2006 నాటి సిడ్నీ ప్రమాణాల్లో పెట్టినారు. కార్డియోలిపిన్ 40 దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు, మీది 62, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు.

ఏపీటీటీ సంగతి చాలామందిని తికమక పెడతాది. ల్యాబులో రక్తం గడ్డ కట్టాలంటే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం కలపాల, ఈ యాంటీబాడీలు పోయి దాన్ని పట్టుకుంటాయి, అందుకే ట్యూబులో లేటవుతాది, కానీ ఒంట్లో అవే యాంటీబాడీలు ప్లేట్‌లెట్లనీ రక్తనాళాల లోపలి పొరనీ రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి, కడుపులో బిడ్డకు రక్తం అందించే మాయలో కూడా ఇదే గొడవ జరిగి బిడ్డ నిలవకపోవచ్చు. ఈ యాంటీబాడీ మొదట లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లలో కనపడింది గనక ఆ పేరు ఉండిపోయింది, పాజిటివ్ వచ్చినోళ్లలో చాలామందికి లూపస్ ఉండదు. కీళ్లనొప్పులు, ముఖం మీద దద్దుర్లు ఉంటే లూపస్ కోసం చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష, మూత్రం పరీక్ష చేయించండి.

మీరు రాసిన రిపోర్టులో ఇదే గుంపులో మూడోదైన బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీ టెస్టు లేదు, ఈసారి అదీ చేయించండి, మూడూ పాజిటివ్ అయితే మళ్లీ గడ్డ కట్టే రిస్కు బాగా ఎక్కువ. కార్డియోలిపిన్, బీటా-2 టెస్టులకు మాత్రలు అడ్డం రావు గానీ లూపస్ యాంటీకోయాగ్యులెంట్ టెస్టును మాత్రం అసిట్రామ్, హెపారిన్ (రక్తం పలచబరిచే ఇంజెక్షన్) రెండూ తారుమారు చేస్తాయి, ఏ మందులో ఉన్నారో ల్యాబుకు ముందే చెప్పండి, అట్లని టెస్టు కోసం మాత్ర మీరే మానేయొద్దు, దయచేసి. ఇంకోటి, ఆదోనిలో రక్తం తీసి దూరం పంపిస్తే నీలం మూత ట్యూబులోంచి ప్లాస్మాను కొన్ని గంటల్లోనే ప్లేట్‌లెట్లు మిగలకుండా వేరు చేసి ఫ్రీజర్‌లో మంచుగడ్డలా చేసి పంపాల, లేకపోతే ఉన్న యాంటీబాడీ కూడా కనపడకుండా పోవచ్చు. వీలైతే ఆ సౌకర్యం ఉన్న ల్యాబుకే మనిషిని తీసుకపోండి.

ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే టెస్టు) గొడవ లేని రివరాక్సబాన్ అనే వేరే రక్తం పలచబరిచే మాత్రకు మార్చుకుందామని అనుకుంటే డాక్టర్‌ను అడక్కుండా మార్చొద్దు, మూడూ పాజిటివ్ ఉన్నవాళ్లకు అసిట్రామ్ జాతికే చెందిన వార్ఫరిన్ కన్నా దీనితోనే గడ్డలు ఎక్కువ వచ్చినాయని 2018లో వచ్చిన స్టడీలో తేలింది, దాన్ని మధ్యలోనే ఆపేసినారు.

బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే చెప్పండి, మొదటి నెలల్లో అసిట్రామ్ బిడ్డకు హాని చేస్తాది, దాని బదులు హెపారిన్ ఇంజెక్షన్లు, తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తారు, వాటితో చాలామంది బిడ్డల్ని కన్నారు. ఈలోగా ఆయాసం, ఛాతీ నొప్పి, మూతి వంకర, చెయ్యి పడిపోవడం ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.