రెండుసార్లు తిరిగొచ్చింది, మళ్లీ పంపుతానంటోంది

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బీఎఫ్ఏ చివరి సంవత్సరం. ఏటా జరిగే ఓపెన్ ఎంట్రీ ప్రదర్శనకు రెండేళ్లు బొమ్మలు పంపింది, సెలెక్ట్ కాలేదు. మళ్లీ పంపుతానంటోంది. ఉద్యోగం సంగతి ఎత్తితే ముభావంగా ఉంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: పంపనివ్వండి సార్. ఉద్యోగానికీ దీనికీ పోటీ పెట్టకండి. చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు 1966లో చెన్నై దగ్గర చోళమండలం అనే కళాకారుల గ్రామం మొదలుపెట్టినప్పుడు బాతిక్ (మైనం పూసి బట్టకి వేసే అద్దకం) లాంటి చేతిపనులు అమ్మి కూడబెట్టిన డబ్బుతోనే స్థలం కొన్నారు. వాళ్లదీ మీ అమ్మాయి చదివే కాలేజీయే. ఆ సంగతి తనకి గుర్తుచేయండి, తిట్టినట్టు కాకుండా. స్టోరీబోర్డులు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, యానిమేషన్, స్కూల్లో డ్రాయింగ్ టీచర్: ఈ ఊళ్లో బొమ్మ వచ్చిన చేతికి పని ఉంది.

ఇక తిరిగొచ్చిన ఎంట్రీల గురించి. లండన్ రాయల్ అకాడమీ సమ్మర్ ఎగ్జిబిషన్ 1769 నుంచి ఒక్క ఏడాదీ ఆగలేదు. ఎవరైనా పంపొచ్చు. వేలల్లో వస్తాయి, చాలావరకు వెనక్కి పోతాయి. అక్కడ మొదట చూసేది ఫొటోనే, అది నచ్చితేనే అసలు బొమ్మ తెమ్మంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఇదే పద్ధతి.

అందుకే ముందు ఆ ఫొటోలు చూడండి. మొన్న ఒక అబ్బాయి నాకు చూపించిన ఫొటోలో ఆయిల్ పెయింటింగ్ మధ్యలో ట్యూబ్‌లైట్ తెల్లగా గీతలా మెరుస్తోంది, పక్కన స్విచ్‌బోర్డు, కింద కుర్చీ కాలు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. కానీ జడ్జీకి కనిపించేది ఆ గీతే కదా! నాకు ప్రాణం ఉసూరుమంది.

సైజు, మీడియం (ఆయిలా, వాటర్‌కలరా), సంవత్సరం రాసిన కాగితం బొమ్మతో సరిపోతోందో లేదో కూడా చూసుకోమనండి. ఏడాదికి ఎంట్రీ ఫీజులకీ, ప్యాకింగ్‌కీ ఇంత అని ముందే అనుకోండి. 'సెలెక్టయ్యారు, ఇన్ని వేలు కడితే గోడ ఇస్తాం' అని ఫోన్ చేసేవాళ్లకి మాత్రం రూపాయి కూడా ఇవ్వకండి.

ఈసారి పొద్దున్నే డాబా మీద, నీడలో ఫొటో తీయమనండి. కాన్వాస్ నిటారుగా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆ పని మీరు చేయండి.