కిరాయి ఇంటి మీద మన పైసలు ఎంతవరకు పెట్టవచ్చు?

ప్రశ్న: మేము నల్గొండలో కిరాయికి ఉంటున్నాం. నెలకు 9,000 కిరాయి, మూడు నెలల అడ్వాన్సు కింద 27,000 ఇచ్చాం. అగ్రిమెంటు 11 నెలలకు రాసుకున్నాం. మావారు ప్రైవేటు కంపెనీలో, నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తాం. ఇద్దరికీ కలిపి 41,000 వస్తుంది. కిరాయితో సహా ఇంటి ఖర్చు 29,000 వరకు అవుతుంది, చిట్టీకి 5,000 కడతాం. బ్యాంకులో 70,000 ఉన్నాయి. ఇందులోంచి 60,000 తీసి ఇంటిని మాకు నచ్చినట్టు చేసుకోవాలని నా కోరిక. వంటింట్లో చెక్క కబోర్డులకు 38,000, హాల్లో ఒక గోడకు రంగు, పడకగదిలో చెమ్మ మరకలున్న గోడకు వాల్‌పేపరు కలిపి 9,000, పరదాలకు, లైట్లకు 8,000, మొక్కలకు, చిన్న అరలకు 5,000 అవుతుందని లెక్క వేశాను. "ఊళ్ళోవాళ్ళ ఇంటికి మన పైసలు ఎందుకు?" అని మావారు అంటున్నారు. ఓనరు గారు మాత్రం "మంచిగ చేసుకోండమ్మా" అన్నారు. అగ్రిమెంటులో మొలలు కొట్టరాదని, అనుమతి లేకుండా మార్పులు చేయరాదని, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు మినహాయిస్తారని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ కోరికలో తప్పేమీ లేదు. సొంత ఇల్లు కట్టుకునే దాకా కర్టెను కూడా కొనకుండా, సామాన్లు సగం అట్టపెట్టెల్లోనే ఉంచి ఏళ్ళకు ఏళ్ళు గడిపే కుటుంబాలను నేను చూస్తూనే ఉంటాను, అది పొదుపు అని నేను అనుకోను. అయితే మీరు వేసిన 60,000 లెక్కలో రెండు రకాల ఖర్చులు కలిసిపోయి ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు ట్రాలీ ఆటోలో మీతో పాటు ఎక్కి వచ్చేవి కొన్ని, ఆ గోడలకే ఉండిపోయేవి కొన్ని. మొదటి రకం మీ సామాను. రెండో రకాన్ని మీరు అలంకారం అనుకుంటున్నారు కానీ, లెక్క ప్రకారం అది ముందుగా కట్టేసిన కిరాయి. మీవారి అభ్యంతరం ఈ రెండో రకానికి పూర్తిగా సరిపోతుంది, మొదటి దానికి అసలు వర్తించదు.

వంటింటి కబోర్డుల సంగతే తీసుకోండి. 38,000ను అగ్రిమెంటు గడువైన 11 నెలలకు పంచితే నెలకు దాదాపు 3,450 అవుతుంది, అంటే మీరు ఉంటున్నది 9,000 ఇంట్లో కాదు, 12,450 ఇంట్లో. మూడేళ్ళు ఉంటామని మీరు అనుకుంటే ఆ భారం నెలకు 1,055కు తగ్గుతుంది, అప్పుడు బేరం ఫరవాలేదనిపించవచ్చు. కానీ ఆ మూడేళ్ళు మీ మనసులో ఉన్నాయి గానీ కాగితం మీద లేవు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. అలా రాసుకున్న ఇంట్లో "ఎన్నేళ్ళయినా ఉండండి" అన్న నోటిమాటను నమ్మి కొలతలు తీయించి చెక్కపని చేయించడం సాహసమే. పైగా ఆ వంటింటి కొలతలకు కోయించిన చెక్క మరో వంటింట్లో అమరదు, విప్పితే సగం పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కబోర్డులున్న వంటింటికి బజారులో ఎక్కువ కిరాయి పలుకుతుంది కనుక, అగ్రిమెంటు తిరగరాసే సమయానికి మీరు పెట్టిన ఖర్చే మీ కిరాయి పెరగడానికి కారణమైనా ఆశ్చర్యపోనక్కర లేదు.

అందువల్ల కబోర్డులు నిజంగా కావాలనుకుంటే ముందు ఓనరు గారితో బేరం మాట్లాడండి. ఇంటి విలువ పెంచే పని కాబట్టి సగం ఖర్చు ఆయన పెట్టుకోవచ్చు, లేదా మీరు పెట్టిన దానిని నెలకు 1,000 చొప్పున కిరాయిలో మినహాయించుకోవచ్చు, అదీ కుదరకపోతే వచ్చే అగ్రిమెంటులో కిరాయి పెంచనని రాసి ఇవ్వవచ్చు. ఈ మూడింటిలో ఏదీ ఒప్పుకోకపోతే, 6,500 దాకా పెట్టి నేల మీద నిలబడే స్టీలు ర్యాకు, దాని పక్కన చక్రాల బండిలాంటి చిన్న అర కొనుక్కోండి. డబ్బాలన్నీ ఒక పద్ధతిలో సర్దితే, కింది అరలకు మీకు నచ్చిన బట్టతో చిన్న పరదా కడితే, వంటిల్లు మీదే అనిపిస్తుంది.

ఇక అనుమతి విషయం. ఓనరు గారు "చేసుకోండమ్మా" అన్నది మంచి మనసుతోనే అయి ఉంటుంది. కానీ రేపు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసేది ఆయన కొడుకో అల్లుడో కావచ్చు, వాళ్ళ చేతిలో ఉండేది అగ్రిమెంటు ఒక్కటే. అందుకని మర్యాదగా ఒక వాట్సాప్ సందేశం పంపండి: "నమస్తే అండీ. మొన్న మీరు చెప్పినట్టు హాల్లో టీవీ వెనక గోడకు లేత పసుపు రంగు వేయించుకుంటాము. రెండు కిటికీలకు పరదా రాడ్లు బిగించుకుంటాము. ఖాళీ చేసేటప్పుడు రాడ్లు మేము తీసుకెళ్ళి రంధ్రాలు పూడ్పిస్తాము. గోడ రంగు అలాగే ఉంచాలో తెలుపు వేయించాలో దయచేసి చెప్పండి." దీనికి ఆయన "సరే" అని జవాబిచ్చినా చాలు, దానిని దాచుకోండి. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అడ్వాన్సు దగ్గర తగాదా వచ్చేది రంగు వేసినందుకు కాదు, తిరిగి తెల్లగా చేయించే ఖర్చు ఎవరిదన్న దాని మీద. అలాగే "సున్నం ఖర్చు" అంటే ఎంత అన్నది మీ అగ్రిమెంటులో అంకెగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఒక నెల కిరాయా, అసలు ఖర్చా అన్నది ఇప్పుడే తేల్చుకోవడం మేలు. ఎలాగూ సున్నం ఖర్చు మినహాయిస్తారు కాబట్టి, మీరు రంగు వేసిన గోడను కూడా అందులోనే కలుపుకోమని అడగడం న్యాయమే.

చట్టం ఏమంటుందో కూడా కొంత తెలుసుకోండి, వాదనకు దిగడానికి కాదు, మీ హద్దు మీకు తెలియడానికి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే, కిరాయిదారు తాను బిగించుకున్న వాటిని విప్పి తీసుకెళ్ళవచ్చు, కానీ ఇల్లు ఇంకా తన స్వాధీనంలో ఉండగానే ఆ పని చేయాలి, ఇంటిని తనకు అప్పగించిన స్థితిలో తిరిగి వదలాలి. తాళంచెవి ఇచ్చేసిన తరువాత "మా గీజరు, మా ఫ్యాను" అంటూ వెళ్ళడం ఇబ్బందే. అదే సెక్షన్ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను మినహాయిస్తుంది. ఉప్పు బోరు నీళ్ళకు కుళాయిల మీద, బాత్రూం టైల్స్ మీద పట్టిన తెల్లటి పొర అలాంటిదేనని నా అభిప్రాయం, అయితే దానిని నిరూపించడానికి ఫొటోలు కావాలి. ఇప్పటికైనా గది గదికీ ఫొటోలు తీసి, ఫ్యాన్లు, లైట్లు, కుళాయిలు ఎన్ని ఉన్నాయో రాసి, ఓనరు గారికి పంపండి. ఇకపోతే, ఇంటికి శాశ్వత నష్టం కలిగేలా పాడుచేయకూడదని కూడా ఆ 108వ సెక్షన్ అంటుంది. ఒక మొల కొట్టినంత మాత్రాన అది వర్తించదు గానీ, గోడ పగలగొట్టి అల్మారా తీయించడం లాంటి పనులు నోటిమాట అనుమతితో చేయకండి. రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని కేంద్రం చట్టం చేసిందని మీరు ఎక్కడైనా చదివి ఉంటే, అది 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. దానిని పట్టుకొని ఓనరు గారితో మాట పెంచుకోవద్దు.

పడకగది గోడకు వాల్‌పేపరు వద్దే వద్దు. చెమ్మ ఉన్న గోడ మీద జిగురు నిలవదు. ఒక్క వానాకాలం గడిచేసరికి అంచులు లేస్తాయి, వెనక నల్లగా బూజు పడుతుంది, లాగితే కాగితంతో పాటు రంగు, దాని కింద లప్పం కూడా పెళ్ళలుగా ఊడివస్తాయి. అప్పుడు చెమ్మ ఓనరుదైనా, ఊడిన గోడ మీ ఖాతాలో పడుతుంది. ఆ గోడ అవతల బాత్రూం ఉందా, పైన నీళ్ళ ట్యాంకు పైపు ఉందా చూసి, ఫొటోతో సహా ఓనరు గారికి చెప్పి బాగు చేయించమని అడగండి. కారే చోటును సరిచేయకుండా పైన ఏమి అతికించినా అది డబ్బు దండగ.

మొలల షరతు చూడటానికి కఠినంగా ఉన్నా దానికి కారణం ఉంది. రంధ్రం పూడ్చడం పెద్ద పని కాదు, కొంచెం పుట్టీ చాలు. కానీ రెండేళ్ళ పాత డిస్టెంపరు మీద కొత్త రంగు చుక్క ఎప్పుడూ కలవదు, మచ్చగానే కనిపిస్తుంది, చివరికి గోడంతా వేయించాలంటారు. కాబట్టి ముందున్నవాళ్ళు కొట్టిన మొలలు, రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి వాటినే వాడుకోండి. అతికించే హుక్కులు టైల్స్ మీద, ఇనుప బీరువా మీద బాగా పనిచేస్తాయి, సున్నపు గోడ మీద మాత్రం బరువు పడగానే పొరతో సహా ఊడతాయి. కిటికీ చట్రం లోతుగా ఉంటే రంధ్రం అక్కర లేని స్ప్రింగు రాడ్డు బిగించుకోవచ్చు. లైట్లు మార్చుకుంటే ఓనరు బిగించిన పాతవాటిని ఒక డబ్బాలో పెట్టి సజ్జ మీద ఉంచండి, వెళ్ళేటప్పుడు అవే బిగించి మీవి తీసుకెళ్ళవచ్చు. గడపకు రోజూ రాసే పసుపుకు ఎవరి అనుమతీ అక్కర లేదు, ఎనామిల్ రంగు వేయించాలంటే మాత్రం అడగాలి.

పరదాల విషయంలో మీరు మరీ లెక్క చూసుకోవలసిన పని లేదు, అవి ఎక్కడికైనా వస్తాయి. అక్కడే పోచంపల్లి, పుట్టపాక, ఇటు నారాయణపేట లాంటి చేనేత ఊళ్ళు ఉండగా దుకాణంలో పాలిస్టరు పరదాలు కొనడం నాకు ఎందుకో నచ్చదు. మీటర్ల చొప్పున ఇక్కత్ నూలు బట్ట తీసుకోండి, లేదా కట్టకుండా పెట్టెలో ఉన్న నారాయణపేట నూలు చీర ఒకటి తీయండి. ఐదున్నర మీటర్ల చీరలో నాలుగున్నర అడుగుల కిటికీకి, మడత కుట్లు పోను, మూడు పరదాలు వస్తాయి, చీర అంచు పరదాకు అంచుగా నిలుస్తుంది, దర్జీకి కుట్టుకూలి ఒక్కటే ఖర్చు. వచ్చే ఇంట్లో కిటికీ పొడవు ఎక్కువైతే వదలడానికి కింద నాలుగు అంగుళాల మడత ఉంచమని చెప్పండి. మొక్కలను కుండీల్లోనే పెంచండి, కింద పళ్ళాలు పెట్టకపోతే నీళ్ళు స్లాబులోకి దిగి కొత్త తగాదా అవుతుంది.

ఇప్పుడు మీ పొదుపు సంగతి. మీ ఇంటి ఖర్చు 29,000 కాబట్టి మూడు నెలల ఖర్చుకు 87,000 చేతిలో ఉండాలి, ఉన్నది 70,000. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు కనుక ఆ మొత్తాన్ని ముట్టుకోవద్దనే నా సలహా. 60,000 తీస్తే మిగిలేది 10,000, ఒక్క ఆసుపత్రి బిల్లుకు కూడా చాలదు. చిట్టీ పాడి తెచ్చుకోవడం, వడ్డీ లేని వాయిదాలని చెప్పి అమ్మే ఫర్నిచరు తీసుకోవడం రెండూ వద్దు. వాయిదాల్లో ప్రాసెసింగు ఫీజు ఉంటుంది, నగదు మీద వచ్చే తగ్గింపు పోతుంది.

నెలకు మీకు 7,000 మిగులుతోంది. అందులో 4,500 చొప్పున నాలుగు నెలలు పక్కన పెడితే 18,000 అవుతుంది, ఇది మీ రెండు నెలల కిరాయి. కిరాయి ఇంటి మీద ఏడాదికి ఇంతకు మించి పెట్టడాన్ని నేను సమర్థించను. స్టీలు ర్యాకుకు, అరకు 6,500, పరదాలకు 5,000, లైట్లకు 2,000, మొక్కలకు 1,500 పోగా 3,000 మిగులుతుంది. దానిని ఖర్చు పెట్టకండి, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చడానికి, గోడ సరిచేయడానికి ఉంచండి. హాలు గోడ రంగుకు ఓనరు గారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఐదో నెలలో వేయించుకోవచ్చు. నల్గొండ నీళ్ళ సంగతి తెలిసిందే, వాటర్ ఫిల్టరు ఇంకా లేకపోతే అది ఈ లెక్కలోకి రాదు, అలంకారం కంటే ముందు దానినే కొనండి, గోడకు బిగించేది కాకుండా గట్టు మీద పెట్టేది తీసుకోండి.

మీవారి జీతంలో ఇంటద్దె భత్యం ఉండి, పాత పన్ను విధానంలో ఉంటే, మినహాయింపు వచ్చేది కట్టిన కిరాయికే, రంగులకు, చెక్కపనికి పెట్టిన దానికి రాదు. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు. కబోర్డుల ఖర్చును కిరాయిలో తగ్గించుకునే ఒప్పందం కుదిరితే, నెలనెలా ఎంత తగ్గించారో రసీదులో విడిగా రాయించుకోండి. ఆ మాట తేలేదాకా వడ్రంగికి బయానా ఇవ్వకండి.